మత్తునుండి మేలుకొను బిడ్డల కలవరము: చెవి నొత్తు పద్ధతి, దాని ప్రయోజనము

నాలుగేండ్ల బాలునకు టాన్సిల్స్ తీయు ఆపరేషను జరిగినదనుకొందము. ఆపరేషను సవ్యముగా ముగిసినదని వైద్యులు చెప్పిరి. తల్లి ఊరట చెంది, కోలుకొను గదిలోనికి బిడ్డను చూడబోయెను. బిడ్డ కన్నులు తెరచియే యున్నవి. కాని అవి తల్లిని చూచుట లేదు. అతడు పెద్దపెట్టున కేకలు వేయుచు, కాళ్లు చేతులు కొట్టుకొనుచు, చేతికి గ్రుచ్చిన సెలైను సూదిని లాగివేయ యత్నించుచున్నాడు. 'అమ్మా' యని పిలుచుచునే, దగ్గరకు వచ్చిన అమ్మను త్రోసివేయుచున్నాడు. ఎత్తుకొన్నను ఊరుకొనడు, పడుకొనబెట్టినను ఊరుకొనడు. తల్లి గుండె జల్లుమన్నది. బిడ్డకు మతి చలించినదేమో, మత్తుమందు మెదడునకు సోకినదేమో యని ఆమె వణకిపోయినది. పావుగంట గడచెను. బాలుడు అలసి, కొంచెము కునుకు తీసి, మరల కన్ను తెరచి, ఏమియు జరుగనట్లే 'అమ్మా, నీళ్లు' అని అడిగెను.

ఆ పావుగంటలో జరిగినదేమి? అది ఎందులకు జరిగినది? దానిని తగ్గించుటకు చెవిని మెల్లగా ఒత్తుట వంటి సులభోపాయము లేవైన పనికివచ్చునా? తల్లిదండ్రులు తెలిసికొనదగిన ఈ విషయములే ఈ పాఠమున వివరింపబడుచున్నవి.

కలవరము యొక్క స్వరూపము

మత్తుమందు ప్రభావము తొలగి బిడ్డ మేలుకొను సమయమున కలుగు ఈ స్థితిని వైద్యులు 'మెలకువ కలవరము' అను అర్థము గల పేరుతో వ్యవహరింతురు. ఇది క్రొత్త విషయము కాదు. 1961వ సంవత్సరముననే అమెరికాలో ఎకెన్‌హాఫ్ అను మత్తువైద్య శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు, మత్తు వదలిన పిమ్మట కలుగు ఈ ఉద్రేకమును గూర్చి విస్తారమైన పరిశీలన ప్రకటించిరి.

ఈ కలవరము ముఖ్యముగా రెండు మొదలు ఆరేండ్ల వయస్సు బిడ్డలలో కనబడును. మత్తు వదలిన కొలది నిమిషములలో మొదలై, సాధారణముగా ఐదు మొదలు పదునైదు నిమిషములలో దానంతట అదియే అణగిపోవును. అరుదుగా అరగంట, ముప్పావుగంట వరకును సాగవచ్చును. ఎందరు బిడ్డలకు ఇది కలుగునని అడిగినచో, లెక్కలు మిక్కిలి భిన్నముగా నున్నవి: నూటికి పదిమంది మొదలు ఎనుబదిమంది వరకును చెప్పినవారు కలరు. ఏది కలవరము, ఏది సామాన్యమైన ఏడుపు అను నిర్ణయము పరిశోధకులందరికి ఒకే తీరుగా లేకపోవుటయే ఈ భేదమునకు ముఖ్యకారణము.

ఏడుపునకు కలవరమునకు గల తేడాను తల్లులు గుర్తింపవలెను. నొప్పివలన ఏడ్చు బిడ్డ తల్లిని గుర్తించును. ఆమె మెడను కౌగిలించుకొనును. నొప్పి యున్న చోటును చూపును. ఆకలిచే ఏడ్చు బిడ్డ పాలు చూచి ఊరుకొనును. కలవరమున నున్న బిడ్డకు మాత్రము పరిసరములు తెలియవు. శరీరము మేలుకొన్నది గాని మనస్సు ఇంకను పూర్తిగా మేలుకొనలేదు. నిద్రలో పలవరించు బిడ్డ కన్నులు తెరచి కూర్చుండియు మనలను గుర్తింపకుండుట మన యిండ్లలో చూచుచునే యున్నాము గదా. ఇదియు చూపునకు అట్లే యుండును. మరునాడు అడిగినచో బిడ్డకు ఆ సంగతి సాధారణముగా జ్ఞాపకముండదు. జ్ఞాపకముండునది తల్లికే.

కారణములు

మత్తుమందు చరిత్రలో మన ప్రాంతమునకు ఒక స్థానము కలదు. క్లోరోఫారము ప్రాణమునకు ఎట్లు అపాయకరమగునో తేల్చుటకై 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదు నగరమున రెండు పరిశోధక సంఘములు పనిచేసినవి. నిజాము ప్రభుత్వము సాయము చేసినది. ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు వానిని నడపెను. మత్తునిచ్చిన రోగి మరల మేలుకొనునా, లేదా అనునదే ఆనాటి చింత. నేడు మందులు, పరికరములు, శిక్షణ ఎంతయో మెరుగుపడినందున బిడ్డ మేలుకొనుటయే గాక, ఎట్లు మేలుకొనునో కూడ ఆలోచించుటకు వైద్యులకు వీలు కలిగినది.

1956లో హాలోథేన్ అను మందు వాడుకలోనికి వచ్చి పలు సంవత్సరములు బిడ్డల ఆపరేషనులలో ప్రధానస్థానము వహించెను. 1990లో జపాను దేశమున సెవోఫ్లూరేన్ వాడుకకు వచ్చి, క్రమముగా ఇతర దేశములకు వ్యాపించెను. ఇది ఘాటైన వాసన లేనిది. బిడ్డ దీనిని పీల్చి త్వరగా నిద్రపోవును, త్వరగా మేలుకొనును. ఇన్ని సుగుణములు గల ఈ మందుతో మెలకువ కలవరము హాలోథేన్‌తో కంటె ఎక్కువగా కనబడుచున్నది. త్వరగా మేలుకొనుటయే కారణమా, మెదడులోని భాగములు ఒకదాని తరువాత ఒకటిగా మేలుకొనుట కారణమా యను విషయమున చర్చ ముగియలేదు.

మందొక్కటే కారణము కాదు. టాన్సిల్స్, చెవి, ముక్కు, మెల్లకన్ను మున్నగు ఆపరేషనుల తరువాత ఇది అధికముగా కనబడుచున్నది. కంటికి కట్టు, గొంతులో నొప్పి, ముక్కులో దూది: బిడ్డ మేలుకొనగానే తన శరీరమే తనకు పరాయిదైనట్లు తోచును. నొప్పి సరిగా తగ్గకపోయినచో కలవరము పెరుగును. అయినను నొప్పి లేని పరీక్షలకై మత్తు ఇచ్చినపుడు కూడ కొందరు బిడ్డలకు ఇది కలుగుచున్నది గనుక నొప్పి మాత్రమే మూలమనుట తగదు.

మరియొక కారణము మనకు మిక్కిలి ముఖ్యమైనది. ఆపరేషనుకు ముందు ఎక్కువగా భయపడిన బిడ్డలకు మేలుకొనునపుడు కలవరము కలుగు అవకాశము ఎక్కువయని 2004లో అమెరికాలో కెయిన్ అను వైద్యుడును, అతని తోటివారును నిరూపించిరి. భీతితో నిద్రపోయిన బిడ్డ భీతితోనే మేలుకొనును. ఆ భీతిని బిడ్డ ఎక్కడనుండి నేర్చుకొనును? చాలవరకు తల్లిదండ్రుల ముఖమునుండియే.

వైద్యులు దీనిని గుర్తించు విధము

కలవరమును కొలుచుటకు 2004లో సికిచ్, లెర్మన్ అను వైద్యులు ఒక కొలమానమును సిద్ధపరచిరి. నేడు ప్రపంచమున చాల ఆసుపత్రులలో అది వాడుకలో నున్నది. అందు ఐదు విషయములు పరిశీలింపబడును:

1. బిడ్డ తనను చూచుకొనువారి కన్నులలోనికి చూచుచున్నాడా?
2. అతని చేష్టలకు ఒక ఉద్దేశ్యము కలదా?
3. పరిసరములను గుర్తించుచున్నాడా?
4. ఊరక కదలుచు, పెనుగులాడుచున్నాడా?
5. ఎంత ఓదార్చినను ఊరుకొనకున్నాడా?

ఒక్కొక్క విషయమునకు సున్న మొదలు నాలుగు వరకు అంకెలు వేయుదురు. మొత్తము ఇరువదికి, పది లేక అంతకు మించిన యెడల మెలకువ కలవరమని తలంచుట పరిపాటి. ఈ ఐదింటిలో మొదటి మూడు గమనింపదగినవి. బిడ్డ మీ కన్నులలోనికి చూచి, మీరు చూపిన బొమ్మకై చేయి చాచినచో, ఎంత ఏడ్చుచున్నను మనస్సు మేలుకొన్నదని గ్రహింపవచ్చును.

అన్నిటికంటె ముందు చూడవలసినవి

ఉపశమనోపాయములను చెప్పుటకు ముందు ఒక హెచ్చరిక అవసరము. పెనుగులాడు బిడ్డలందరిని 'ఇది మత్తు కలవరమే' యని తేల్చివేయుట ప్రమాదకరము. ప్రాణవాయువు చాలకపోయినను బిడ్డ ఇట్లే పెనుగులాడును. రక్తములో చక్కెర తగ్గినను, మూత్రము నిండి బిగిసినను, నొప్పి మిక్కుటమైనను ఇట్లే చేయును. కావున మొదట శ్వాసను, ప్రాణవాయువు పరిమాణమును, నాడిని, రక్తస్రావమును, నొప్పిని పరీక్షించుట వైద్యుని, నర్సు యొక్క విధి. ఆ సమయమున తల్లిదండ్రులు అడ్డుపడరాదు. 'ముందు బిడ్డను మా చేతికీయుడు' అని తొందర పెట్టరాదు.

తరువాత రక్షణ ముఖ్యము. మంచమునకు ఇరువైపుల కమ్ములు ఎత్తి యుంచవలెను. సెలైను సూది, కుట్లు, కట్టు ఊడకుండ చూడవలెను. మెలకువ కలవరము స్వయముగా శాంతించునదే. కాని ఆ కొలది నిమిషములలో బిడ్డ మంచముపైనుండి పడినను, కంటి కట్టు పీకివేసినను కలుగు హాని స్వయముగా శాంతించునది కాదు.

అవసరమైనచో వైద్యులు మందులు వాడుదురు. నొప్పిని తగ్గించు మందులు, ఆపరేషను చివర కొద్దిగా ఇచ్చు ప్రొపొఫాల్, డెక్స్‌మెడిటొమిడిన్ వంటివి కలవరమును తగ్గించునని ఋజువైనది. అయితే కొన్ని మందులవలన నిద్ర పొడిగింపబడి, కోలుకొను గదిలో బిడ్డ ఎక్కువసేపు ఉండవలసివచ్చును. అందుచేతనే మందులు లేని ఉపాయములను గూర్చి కూడ వైద్యులు అన్వేషించుచున్నారు. అట్టివానిలో చెవి నొత్తు పద్ధతి యొకటి.

చెవికి, మనశ్శాంతికి గల సంబంధము

ఆక్యుపంక్చరు అనగా శరీరములోని నిర్ణీత స్థానములలో సన్నని సూదులు గ్రుచ్చు చీనా దేశపు ప్రాచీన చికిత్స. సూది లేక వ్రేలితోనో, చిన్న పూసతోనో అదే స్థానము నొత్తుట ఆక్యుప్రెషరు. మన దేశమున ఈ విద్యను ప్రవేశపెట్టినవారిలో ప్రథముడు డాక్టరు విజయకుమార్ బసు. 1938లో చీనాకు సాయముగా వెళ్లిన భారత వైద్య బృందములో డాక్టరు కోట్నీస్‌తో పాటు ఆయనయు ఒకరు. 1958లో మరల చీనాకు పోయి ఈ విద్య నభ్యసించి, 1959లో కలకత్తాలో దీనిని ఆరంభించిరి.

చెవిమీది స్థానములకు నేడున్న పటము మాత్రము ఫ్రాన్సు దేశమున పుట్టినది. లియోన్ నగర వైద్యుడైన పాల్ నోజియే, తన యొద్దకు వచ్చిన కొందరు రోగుల చెవులపై కాల్చిన మచ్చలను చూచెను. నడుమునుండి కాలికి ప్రాకు నరపు నొప్పికై ఒక నాటువైద్యురాలు అట్లు కాల్చెనని, నొప్పి తగ్గెనని వారు చెప్పిరి. నోజియే దీనిపై ఆలోచించి, చెవిదొప్ప తలక్రిందులుగా నున్న గర్భస్థ శిశువును పోలియున్నదని ఊహించి, ఏ యంగమునకు చెవిపై ఏ స్థానము చెందునో 1957లో పటమును ప్రకటించెను. ఈ శిశురూప కల్పన శరీరశాస్త్రముచే స్థిరపడినది కాదు. మరియు ఈ కథ విని ఎవ్వరును బిడ్డలకు వాతలు పెట్టరాదు. మన పల్లెలలో కొన్నిచోట్ల నేటికిని కనబడు ఆ దురాచారము బిడ్డకు బాధను, పుండును, చీమును మాత్రమే మిగుల్చును.

అయితే చెవిదొప్పకు నరముల సంపద మెండు అనునది నిశ్చయమైన విషయము. మెడనుండి వచ్చు నరములు, దవడవైపునుండి వచ్చు నరము చెవిదొప్పకు స్పర్శజ్ఞానము నిచ్చుచున్నవి. చెవి రంధ్రమునకు చేరువనున్న గుంటకు వేగస్ నాడి యొక్క శాఖ వచ్చుచున్నది. మెదడునుండి బయలుదేరి గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశము వరకు సాగు నాడి ఇది. గుండె వేగమును తగ్గించి, దేహమును విశ్రాంతివైపు మరల్చు స్వభావము కలది. చెవిలోని గుబిలి తీయునపుడు కొందరికి ఉన్నట్లుండి దగ్గు వచ్చుట పాఠకులు ఎరుగుదురు. చెవిలో తాకిన స్పర్శ ఈ నాడి ద్వారా గొంతువరకు పోవుటయే దానికి కారణము. కావున చెవిని తాకుటచే దేహమునకు శాంతి కలుగవచ్చుననుట అసంభవమైన మాట కాదు. అసంభవము కానిదంతయు సత్యమనుటయు తగదు. పరీక్షించి చూడవలెను.

పరిశోధనలు చెప్పునది

పరీక్షించినవారు కలరు. 2009లో అమెరికాలోని బోస్టన్ నగరమున, చెవికి చిన్న గొట్టములు అమర్చు ఆపరేషను పొందిన అరువదిమంది బిడ్డలపై ఒక పరిశోధన జరిగినది. మత్తులో నుండగా చేతిమీది రెండు స్థానములందు సూదులు గ్రుచ్చిన బిడ్డలకు, గ్రుచ్చనివారికంటె నొప్పియు కలవరమును తక్కువగా నుండెను. 2012లో తుర్కీ దేశపు వైద్యులు మణికట్టున చిటికెనవ్రేలి వైపు స్థానముపై మిరపసారము పూసిన పట్టీలను అంటించి, కలవరము తగ్గెనని ప్రకటించిరి. చీనావారు ఈ మణికట్టు స్థానమును 'షెన్‌మెన్' అందురు. చెవిపై భాగమున నున్న త్రికోణపు గుంటలోని స్థానమునకును అదే పేరు. కాని 2018లో జపాను వైద్యులు అదే మణికట్టు స్థానమునకు స్వల్ప విద్యుత్తును ప్రయోగించి, బిడ్డకుగాని పరీక్షకునకుగాని ఎవరికి చికిత్స జరిగినదో తెలియకుండ జాగ్రత్తపడి చూడగా, చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

ఈ ఫలితములు పరస్పరము విరుద్ధముగా నున్నవి గదా యని పాఠకులు అడుగవచ్చును. నిజమే. ఈ పరిశోధనలలో బిడ్డల సంఖ్య స్వల్పము. స్థానములు వేరు, సాధనములు వేరు. పైగా కలవరము దానంతట అదియే పదినిమిషములలో అణగునది గనుక, ఆ పదినిమిషములలో ఏమి చేసినను అదియే అణచినట్లు తోచును. అందుచేత ఒక్క బిడ్డను చూచి 'చెవి నొత్తితిమి, తగ్గినది' అని నిర్ణయింపరాదు. ప్రస్తుతము చెప్పదగినది ఇంతే: ఇట్టి పద్ధతులు మేలు చేయవచ్చును; తగిన జాగ్రత్తతో చేసినచో కీడు అల్పము; మందులకు, వైద్యుని పర్యవేక్షణకు ఇవి ప్రత్యామ్నాయము కావు.

వీటన్నిటిలో తల్లులు విశేషముగా గమనింపవలసిన పరిశోధన మరియొకటి కలదు. 2004లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు చెవి చికిత్సను బిడ్డకు గాక తల్లికి చేసిరి. ఆపరేషను గదిలోనికి బిడ్డతో పోవలసిన తల్లుల చెవులలో, శాంతి కలిగించునని చెప్పబడు స్థానములందు చిన్న సూదులుంచిరి. మరికొందరు తల్లులకు సంబంధము లేని స్థానములందు ఉంచిరి. మొదటి వర్గపు తల్లులకు ఆందోళన తగ్గినది. అంతియే కాదు: తాము ఏ చికిత్సయు పొందని వారి బిడ్డలు సయితము తక్కువ భయముతో గదిలోనికి పోయి, ముఖమునకు మత్తు మాస్కు పెట్టునపుడు ఎక్కువగా సహకరించిరి.

ఈ పరిశోధన మేలుకొనునప్పటి కలవరమును కొలువలేదు; నిద్రపోవునప్పటి భయమునే కొలిచినది. కాని భయముతో నిద్రపోయిన బిడ్డకే కలవరము ఎక్కువయని పైన తెలిసికొన్నాము. ఆ రెంటిని కలిపి చూచినచో, బిడ్డ శాంతికి మార్గము తల్లి శాంతి ద్వారా పోవునని స్పష్టమగుచున్నది.

చెవి నొత్తు విధానము

ఆసుపత్రియందు ఈ పద్ధతిని పాటింపదలచినవారు మత్తు వైద్యునకు ముందుగా తెలిపి, ఆయన అనుమతి పొందవలెను. తరువాత ఈ క్రమము ననుసరింపవచ్చును.

మొదట చేతులు కడుగుకొని, గోళ్లు కత్తిరించుకొనవలెను. ఉంగరములు తీసివేయవలెను. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, 'నీ చెవి నొత్తెదను, వద్దన్నచో మానెదను' అని చెప్పవలెను. బొటనవ్రేలిని చెవి వెనుకను, చూపుడువ్రేలిని చెవి ముందు పైభాగమున నున్న త్రికోణపు గుంటలోను ఉంచి, నొప్పి కలుగకుండ మెల్లగా ఒత్తి పట్టుకొనవలెను. సుమారు ఒక నిమిషము తరువాత రెండవ చెవిని అట్లే ఒత్తవచ్చును. ఒత్తుచున్నంతసేపు నెమ్మదిగా శ్వాస తీసికొనుచు, బిడ్డకు అలవాటైన కథనో పాటనో వినిపింపవలెను. బిడ్డ తల త్రిప్పుకొన్నచో మానవలెను. మన బడులలో చెవి పట్టుకొనుట శిక్షకు గుర్తు. చెవి మెలిపెట్టుట ఎరిగిన బిడ్డ భయపడవచ్చును. అట్టి బిడ్డకు మొదట తన బొమ్మ చెవిని తానే ఒత్తనిచ్చి, ఆటగా చేసి చూపుట మేలు.

బిడ్డను ఆపరేషను గదికి తీసికొనిపోవుటకు పూర్వము, వేచియుండు సమయమే దీనికి తగిన కాలము. ఆ సమయముననే తల్లియు తండ్రియు తమ చెవులను తాము ఒత్తుకొనుట మంచిది. మేలుకొన్న తరువాత, నర్సు సరేయన్నపుడు, బిడ్డ తల్లిని గుర్తించుచున్నపుడు మాత్రమే మరల చేయవచ్చును. కలవరము తీవ్రముగా నున్నపుడు బిడ్డ తలను బలవంతముగా పట్టి చెవి నొత్తుట తప్పు. పట్టు బిగిసినకొలది పెనుగులాట పెరుగును.

చేయరాని సందర్భములు

చెవికి ఆపరేషను జరిగిన బిడ్డకు, చెవినుండి చీము కారుచున్న బిడ్డకు, చెవిదొప్పపై పుండు, గజ్జి, వాపు ఉన్న బిడ్డకు, క్రొత్తగా చెవులు కుట్టించిన బిడ్డకు ఈ పద్ధతి తగదు. తలకు, మెడకు ఆపరేషనైనచో వైద్యుని అడుగక తల కదల్పరాదు.

కొందరు చెవిపై చిన్న గింజనో, పూసనో పట్టీతో అంటింతురు. పెద్దలకు ఇది చెల్లును. చిన్నబిడ్డలకు ఇంటివద్ద ఇట్లు చేయుట మంచిది కాదు. పట్టీ ఊడిన గింజను బిడ్డ నోటనో, ముక్కులోనో, చెవి రంధ్రములోనో పెట్టుకొనును. మత్తు ఇంకను వదలని బిడ్డ గొంతులో అది అడ్డుపడినచో ప్రాణాపాయము. వైద్యులే అంటించినచో ఎన్ని అంటించిరో లెక్క పెట్టుకొని, తీసినపుడు ఆ లెక్క సరిచూచుకొనవలెను. సూదులు గ్రుచ్చుట శిక్షణ పొందిన వైద్యుని పనియే గాని సంతలలో, వీధులలో చేయించుకొనదగినది కాదు.

తల్లిదండ్రులు చేయవలసిన ఇతర కార్యములు

ఆపరేషనుకు ముందు: బిడ్డకు అబద్ధము చెప్పరాదు. 'ఊరికే చూచి వత్తము' అని మోసగించి తీసికొనిపోయినచో బిడ్డకు నమ్మకము పోవును. 'డాక్టరుగారు నీకు నిద్ర వచ్చు గాలి ఇత్తురు, నీవు లేచునప్పటికి నేను దగ్గర నుందును' అని వానికి తెలియు మాటలలో చెప్పవలెను. 'అల్లరి చేసినచో సూది వేయింతును' అని ఇంటిలో బెదరించు అలవాటును మానవలెను. ఆసుపత్రివారు చెప్పిన గడువు ప్రకారము బిడ్డను పస్తు ఉంచవలెను. దానిని ఉల్లంఘింపరాదు, ఎక్కువ జాగ్రత్తయని దానికి మించి ఆకలిదప్పులకు గురిచేయను రాదు. మంచినీరు ఎంతవరకు ఇవ్వవచ్చునో అడిగి తెలిసికొనవలెను. బిడ్డకు ప్రియమైన బొమ్మను, దుప్పటిని వెంట తీసికొనిపోవలెను.

మేలుకొను సమయమున: అనుమతి లభించినచో తల్లిదండ్రులలో నిబ్బరము గల ఒక్కరు మాత్రమే బిడ్డ చెంత నుండవలెను. బంధువులందరు చుట్టుముట్టి తలకొక మాట చెప్పుట వలన గలిబిలి హెచ్చును. బిడ్డకు అలవాటైన ముద్దుపేరుతో, తగ్గు స్వరముతో, ఒకే మాటను పలుమారు చెప్పవలెను. 'ఎందుకేడ్చెదవు?' అని గద్దింపరాదు. బిడ్డకు అది వినబడదు. వెలుతురును, చప్పుడును తగ్గింపుమని నర్సును కోరవచ్చును.

ఇంటికి వచ్చిన పిమ్మట: కొందరు బిడ్డలు కొన్ని దినములు పీడకలలు కనుట, పక్క తడుపుట, తల్లిని విడువకుండుట, తిండియందు పేచీ పెట్టుట మున్నగునవి చేయుదురు. కొట్టక, తిట్టక ఓర్పు వహించినచో ఇవి సాధారణముగా రెండు వారములలో సర్దుకొనును. ఈ దినములలో నిదురవేళ చెవిని మెల్లగా నిమురుట, ఒత్తుట బిడ్డకును తల్లికిని హాయి నిచ్చును.

కాని బిడ్డ శ్వాస కష్టముగా నున్నను, రక్తము కారుచున్నను, లేపినను లేవకుండ మగతగా నున్నను, పెదవులు నీలిరంగు దాల్చినను, విడువక వాంతులగుచున్నను, ఇంటికి వచ్చిన పిమ్మట మరల మనుష్యులను గుర్తింపక పెనుగులాడినను, చెవులొత్తుచు కాలయాపన చేయరాదు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 108 అంబులెన్సును పిలువవలెను.

స్మరింపవలసిన విషయములు

1. మత్తునుండి మేలుకొను చిన్నబిడ్డల కలవరము పిచ్చి కాదు, పెంకెతనము కాదు, ఎవరి దోషమును కాదు. కొలది నిమిషములలో గడచిపోవునది.
2. మొదట శ్వాస, నొప్పి, రక్షణ; తరువాతనే ఇతర ఉపాయములు.
3. చెవి నొత్తుట మేలు చేయవచ్చును గాని నిశ్చయముగా ఋజువైన చికిత్స కాదు. వైద్యుని అనుమతితో, మెల్లగా, బిడ్డ ఇష్టముతో చేయవలెను.
4. చిన్నబిడ్డల చెవులకు గింజలు, పూసలు ఇంటివద్ద అంటింపరాదు.
5. ఆపరేషనుకు ముందు బిడ్డ భయము తగ్గించుటయే కలవరమును తగ్గించు మార్గములలో మిక్కిలి సులభమైనది.

మొదట చెప్పిన తల్లిని మరల తలచుకొందము. ఈ సంగతులు ఆమె ముందే ఎరిగియున్నచో, ఆ పావుగంటలో బిడ్డ కేకలు తక్కువగునో లేదో చెప్పలేము. ఆమె భయము మాత్రము తప్పక తగ్గియుండును. మంచపు కమ్మి ప్రక్క నిలిచి, సూది చేతిని నర్సు కాపాడుచుండగా, ఆమె బిడ్డ పేరును మెల్లగా పిలుచుచు వేచియుండును. బిడ్డ కన్ను తెరచి నీళ్లడుగునప్పటికి అతనికి కనబడునది ఏడ్చిన ముఖము గాక, ఎప్పుడును ఎరిగిన అమ్మ ముఖమే యగును.